డైపర్ బ్యాగు కొంటున్నారా? ముందు ఒంటిచేత్తో తెరిచి చూడండి

దుకాణంలో బ్యాగును రెండు చేతులతో పట్టుకుని చూస్తాం. జిప్పులన్నీ తీస్తాం, జేబులు లెక్కపెడతాం, భుజానికి తగిలించుకుని అద్దంలో చూసుకుంటాం. ఇంటికి తెచ్చాక కథ వేరు. ఒక చెయ్యి ఎప్పుడూ బిడ్డ కిందే ఉంటుంది. మిగిలిన ఒక్క చేతికే ఆ బ్యాగు లొంగాలి. అందుకని ధర అడగకముందే ఒక పరీక్ష పెట్టండి. బ్యాగును కుర్చీ మీద ఉంచి, ఎడమ మోచేతి మడతలో మీ హ్యాండ్‌బ్యాగునో, షాపులో కనబడ్డ టెడ్డీబేర్‌నో బిడ్డను ఎత్తుకున్నట్టు పెట్టుకోండి. కుడిచేత్తో పెద్ద జిప్పు తీసి, లోపల కూరిన కాగితపు ఉండను బయటికి లాగి, మళ్లీ జిప్పు వెయ్యండి.

చాలా బ్యాగులు ఇక్కడే దొరికిపోతాయి. జిప్పు లాగుతుంటే బ్యాగంతా దాని వెంటే జరిగొస్తుంది. అడుగున గట్టి పలక లేకపోతే ఇలా అవుతుంది. జిప్పు మూలల దగ్గర గుండ్రంగా తిరక్కుండా మొనదేలినట్టు తిరిగినా అంతే, రన్నర్ అక్కడ ఆగి మొరాయిస్తుంది. ఇంకొన్నిటికి నోరు తెరుచుకుంటుంది గానీ చెయ్యి తీయగానే పై బట్ట లోపలికి వాలిపోతుంది, లోపల ఏముందో కనబడదు. నోటి చుట్టూ సన్నటి లోహపు ఫ్రేమ్ ఉండి, పాతకాలపు డాక్టర్ల పెట్టెలా తెరుచుకుని అలాగే నిలబడే రకం ఒంటిచేతికి బాగా పనికొస్తుంది. మా ఓటు దానికే. బ్యాక్‌ప్యాక్ ఆకారంలోనూ ఈ రకం దొరుకుతుంది.

వెల్‌క్రో మూతల జోలికి మాత్రం పోకండి. ఊయల ఊగి అప్పుడే మగతలోకి జారిన పిల్లను లేపడానికి ఆ ‘చర్ర్’ మనే చప్పుడు ఒక్కటి చాలు. అయస్కాంతపు గుండీలు అంత చప్పుడు చెయ్యవు, కానీ ఆటో గుంతలో పడి బ్యాగు ఒరిగితే అవే ఊడి, సామానంతా కాళ్ల కింద పరుచుకుంటుంది. లోపలి చిన్న జేబుకు అయస్కాంతం పెట్టినా పరవాలేదు, పెద్ద నోటికి జిప్పే ఉండాలి.

హైదరాబాద్ నగరంలో దొరికే సరుకును మూడు బుట్టల్లో వెయ్యొచ్చు. బేగంబజార్, కోఠి, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లలో పేరు లేని బ్యాగులు బేరాన్ని బట్టి 600 నుంచి 1,200 రూపాయల్లో వస్తాయి. లవ్‌ల్యాప్, ఆర్ ఫర్ ర్యాబిట్, మీ మీ, ఫస్ట్‌క్రై వారి బేబీహగ్ లాంటి పేర్లున్నవి రకాన్ని బట్టి సుమారు 1,200 నుంచి 3,500 దాకా పలుకుతాయి. దిగుమతి సరుకు ఐదు వేల పైమాటే. ఐదు వేలు దాటాక మీరు కట్టేది ఎక్కువగా రంగుకీ, తోలులా కనిపించే పట్టీలకీ, లోగోకీ. పిల్లకు రెండేళ్లు వచ్చేసరికి పని అయిపోయే వస్తువుకు అంత అక్కర్లేదు. అలాగని 600 రూపాయల బ్యాగంటే నాసిరకమనీ అనుకోనక్కర్లేదు. అదే రకం గుడ్డ, అదే ఆకారం, తేడా అంతా కుట్టులో ఉంటుంది. ఆ కుట్టును చదవడం వస్తే బేగంబజార్‌లోనూ మంచి బ్యాగు ఏరుకోవచ్చు.

చదవడం ఇలా. భుజం పట్టీ కింది కొస బ్యాగు అడుగున కలిసే చోటు పట్టుకోండి. బరువంతా వేలాడేది అక్కడే, తెగేదీ అక్కడే. పట్టీని మామూలు నిలువు అతుకులోకి దూర్చి ఒక్క వరస కుట్టు వేసి వదిలేశారంటే ఆ బ్యాగు పక్కన పెట్టేయండి. చిన్న తిరగేసిన మూడు మూలల గుడ్డముక్క పెట్టి, దాని మీద నలుచదరంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తు వేసుంటే బరువు ఆ ముక్కంతటి మీదా పడుతుంది. ఇప్పుడు పట్టీని ఒక చేత్తో, బ్యాగును ఇంకో చేత్తో పట్టుకుని గట్టిగా లాగండి. అతుకు దగ్గర సూది రంధ్రాలు విచ్చుకుని మధ్య నుంచి వెలుతురు కనిపించిందా, నాలుగైదు నెలల్లో అదే చోట చిరుగుతుంది. లోపలి పక్క కూడా తిప్పి చూడండి. అతుకు అంచులకు టేపు కుట్టి పోగులు బయటికి రాకుండా మూసెయ్యాలి. టేపు లేకపోతే ఆ పోగులు ఊడి జిప్పు పళ్లలో ఇరుక్కుంటాయి. ‘జిప్పు పాడైంది’ అని మనం అనేవాటిలో కొన్ని నిజానికి ఈ పోగుల పనే.

జిప్పు సంగతి. రన్నర్ వెనక చాలాసార్లు ఒక అంకె ఉంటుంది. పెద్ద అరకు 8 ఉంటే మంచిది, 5 ఉన్నా సర్దుకోవచ్చు, 3 అయితే వద్దు. ఆ అంకె సుమారుగా మూసిన జిప్పు పళ్ల వెడల్పు, మిల్లీమీటర్లలో. రన్నర్ వదులై పళ్లు మూసుకోకపోతే బ్యాగు పారెయ్యకండి, కాలనీలో బ్యాగులు కుట్టేవాళ్లెవరైనా రన్నర్ ఒక్కటీ మార్చిస్తారు. పళ్ల టేపు చిరిగితే మాత్రం జిప్పంతా మార్చాలి, ఆ ఖర్చు చవక బ్యాగుకు గిట్టదు.

గుడ్డ మీద 600డి, 900డి అని రాసుంటుంది. డి అంటే డెనియర్, 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. డైపర్ బ్యాగుకు 600డి పాలిస్టర్ సరిపోతుంది. అంతకన్నా మందం అయితే బరువు పెరుగుతుంది తప్ప లాభం తక్కువ. ‘ఫుల్ వాటర్‌ప్రూఫ్ హై’ అన్న మాట బజార్లో ప్రతి బ్యాగుకూ వినబడుతుంది, సగమే నమ్మండి. గుడ్డ వెనక పాలీయూరెథేన్ పూత ఉంటుంది కాబట్టి గుడ్డలోంచి నీళ్లు దిగవు. జిప్పు సందుల్లోంచి, అతుకుల సూది రంధ్రాల్లోంచి దిగుతాయి. జులైలో బైక్ మీద అరగంట తడిస్తే పై అరలోని డైపర్లు నీళ్లు పీల్చి ఉబ్బిపోవడం ఖాయం. జిప్పు మీద గుడ్డ రెక్క ఒకటి వాలి ఉన్న బ్యాగు చూసుకోండి, లేదా స్కూలు బ్యాగులకు అమ్మే వాన కవరు ఒకటి విడిగా కొనండి.

యూఎస్‌బీ పోర్టు ఉందని రెండు మూడు వందలు ఎక్కువ అడిగితే ఇవ్వకండి. బ్యాగులో బ్యాటరీ ఉండదు, ఒక వైరు ముక్క ఉంటుంది, పవర్ బ్యాంకు మనమే పెట్టాలి. వాన నీళ్లు దిగడానికి ఆ రంధ్రం ఇంకో దారి.

బరువు గురించి అమ్మేవాళ్లు మాట్లాడరు. ఖాళీ బ్యాగు 800 గ్రాములనుకోండి. ఆరు ఎస్ సైజు డైపర్లు దాదాపు 180 గ్రాములు, నిండు వైప్స్ ప్యాకెట్ 400, నీళ్లతో అర లీటరు స్టీల్ ఫ్లాస్కు 800, రెండు జతల బట్టలు 250, పొత్తిగుడ్డలూ దుప్పటీ 300, తల్లికి లీటరు నీళ్ల సీసా ఒక కేజీ. అప్పుడే మూడున్నర కేజీలు దాటింది. మందులూ గిలక్కాయా కలిపితే నాలుగు. సిజేరియన్ అయిన తల్లిని మొదటి ఆరు వారాలూ బిడ్డ కన్నా ఎక్కువ బరువు ఎత్తొద్దని డాక్టర్లు చెబుతారు. అంటే బిడ్డా, ఈ బ్యాగూ రెండూ ఆమె మీద వెయ్యకూడదు. ఖాళీగా కేజీ దాటిన బ్యాగు ఎంత అందంగా ఉన్నా వద్దనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. ఇంకో మాట, ఈ బ్యాగు మోసేది ఎక్కువగా నాన్న, తాతయ్య, మేనమామ. పూలపూల గులాబీ రంగు చూసి వాళ్లు మొహమాటపడితే బరువు తిరిగి అమ్మ భుజం మీదికే వస్తుంది. పట్టీ పొడవు ఇద్దరికీ సరిపోయేలా తగ్గించి పెంచే వీలు ఉండాలి.

ఇక వెండి రంగు పొర కుట్టిన సీసా జేబుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువ మంది మోసపోయేది వాటి దగ్గరే. ఆ జేబులో ఉండేది మూడు నాలుగు మిల్లీమీటర్ల ఫోమ్, దాని మీద అల్యూమినియం పూత పొర. అది వేడినీ చల్లదనాన్నీ పుట్టించదు, లోపలున్నది మారే వేగాన్ని కాస్త తగ్గిస్తుందంతే. మే నెలలో బయట 42 డిగ్రీలున్నప్పుడు ఐసు లేకుండా ఆ జేబులో పెట్టిన పాలు బయట పెట్టినట్టే లెక్క. పిండిన తల్లిపాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు నిలవ ఉంటాయంటారు. మన ఎండాకాలం ఆ లెక్కకు అందదు. గడ్డకట్టించిన జెల్ ప్యాకులు పెట్టి గట్టిగా మూసిన కూలర్ సంచిలో అయితే 24 గంటల దాకా ఉంచొచ్చు. జెల్ ప్యాకుకు చోటు లేని జేబు అలంకారానికే.

పొడిపాలు తాగే బిడ్డకైతే కలిపిన పాలు మోసుకెళ్లకండి. పొడి కొలిచి పొడి డబ్బాలో, కాచిన నీళ్లు స్టీల్ ఫ్లాస్కులో వేరువేరుగా పెట్టుకోండి. పొడి కలిపే నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకూడదు, పొడిలో ఉండే క్రిములు చావాలంటే అంత వేడి కావాలి. ప్లాస్టిక్ సీసాలోని నీళ్లను ఈ ఫోమ్ జేబు అంత వేడిగా ఉంచలేదు, అది ఫ్లాస్కు పని. కలిపాక చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసుకుని చూసి పట్టాలి. రెండు గంటల్లో వాడకపోతే పారబోయాలి. కాబట్టి షాపుకు వెళ్లేటప్పుడు మీ ఫ్లాస్కును, మీ సీసాను వెంట తీసుకెళ్లి ఆ జేబులోకి దూరతాయో లేదో చూడండి. వెడల్పు మూతి సీసాలు ఇరుకు జేబుల్లోకి దిగవు, బలవంతంగా దింపితే తీసేటప్పుడు రెండు చేతులు కావాలి.

ఆరు నెలల దాకా తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డకు ఈ జేబులే అక్కర్లేదు. మన దేశంలో 1992 నాటి చట్టం పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధించింది. డైపర్ బ్యాగుల ఫొటోల్లో మాత్రం ప్రతి జేబులోంచీ ఒక సీసా తొంగిచూస్తూనే ఉంటుంది. ఆ చోటులో పాలిచ్చేటప్పుడు కప్పుకోవడానికి ఒక కాటన్ చున్నీ, తల్లికి నీళ్లూ నాలుగు ఖర్జూరాలూ పెట్టుకోవడం మేలు.

డైపర్ మార్చేటప్పుడు బిడ్డ కింద పరవడానికి బ్యాగుతో ఉచితంగా వచ్చే ఛేంజింగ్ ప్యాడ్ కూడా ఇలాంటిదే. పుట్టినప్పుడు బిడ్డ పొడవు సుమారు 50 సెంటీమీటర్లు, ఆరు నెలలకు 65 చిల్లర. చాలా ప్యాడ్లు అంతకంటే పొట్టి. తల ప్యాడు మీద ఉంటే కాళ్లు క్లినిక్ బల్ల మీద ఉంటాయి. అంచుల్లో పైపింగ్ లేకపోతే తుడిచేటప్పుడు తడి లోపలి ఫోమ్‌లోకి పోయి రెండు వారాల్లో వాసన మొదలవుతుంది. 50×70 సెంటీమీటర్ల తడి కిందికి దిగని చిన్న డ్రై షీటు ఒకటి విడిగా కొని నాలుగు మడతలు వేసి పెట్టుకోండి. దాని మీద పాత చీర ముక్క పరిస్తే ప్రతిసారీ షీటు ఉతకక్కర్లేదు.

మడత విప్పితే చిన్న మంచంలా తయారయ్యే బ్యాగులు కొన్నేళ్లుగా బాగా కనబడుతున్నాయి. బారసాలకు బహుమతిగానూ వస్తున్నాయి. ఫంక్షన్ హాల్లో కుర్చీ మీద విప్పి చూపిస్తే ముద్దుగానే ఉంటుంది. పడుకోబెట్టడానికి వాడకండి. పరుపు పల్చన, పక్క గోడలు మెత్తన. బిడ్డ మొహం ఆ గుడ్డకు ఆనితే గాలి ఆడదు, బోర్లాపడటం నేర్చిన రోజు ఆ గోడలు ఆపలేవు. ఎత్తు మీద పెడితే పడిపోయే భయం వేరే. పైగా ఆ ఇనుప చువ్వల వల్ల ఖాళీ బరువే కేజీ దాటుతుంది. ఎవరైనా బహుమతిగా ఇచ్చి ఉంటే చువ్వలు తీసేసి, మామూలు బ్యాగులా వాడుకోండి.

మీరు దేని మీద తిరుగుతారో దాన్ని బట్టి ఆకారం తేలుతుంది. ఆటో, సిటీ బస్సు, మెట్రో అయితే బ్యాక్‌ప్యాకే. బస్సులో ఒక చెయ్యి కడ్డీకి, ఒకటి బిడ్డకు పోతే పక్కకు వేలాడే సంచి జనంలో ఇరుక్కుంటుంది. బ్యాక్‌ప్యాక్‌కు వీపు వైపు జిప్పు ఉన్న జేబు ఉంటే ఫోనూ డబ్బులూ అందులో. మెట్రోలో బ్యాగు స్కానర్ మీదుగా పోతుంది కాబట్టి బయటి జేబుల్లో ఊడిపోయే వస్తువులు పెట్టకండి. స్కూటీ అయితే వెనక కూర్చున్నవాళ్ల వీపు మీద బ్యాక్‌ప్యాక్ ఉండాలి. ఫుట్‌బోర్డు హుక్కుకు నాలుగు కేజీల సంచి తగిలిస్తే మలుపుల్లో ఊగి హ్యాండిల్‌కు, కాళ్లకు అడ్డం వస్తుంది. నాలుగేళ్ల లోపు పిల్లలను బండి మీద తీసుకెళ్తే సేఫ్టీ హార్నెస్ ఉండాలి, 40 కిలోమీటర్ల వేగం దాటకూడదన్నది 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన. ఆ హార్నెస్ విప్పాక అది కూడా ఈ బ్యాగులోనే చేరుతుంది, దానికీ చోటు లెక్కేసుకోండి. కారుంటే రెండు పిడుల చేతిసంచి, అదే టోట్ అయినా చాలు. స్ట్రోలర్ హుక్కులు ఇచ్చారని బ్యాగును హ్యాండిల్‌కు తగిలించి బిడ్డను ఎత్తుకున్నారా, స్ట్రోలర్ వెనక్కి తిరగబడుతుంది. బిడ్డ ముందు దిగకూడదు, బ్యాగు ముందు దిగాలి.

మొత్తం మీద 18 నుంచి 22 లీటర్లు సరైన కొలత. సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తు, 27 వెడల్పు, 18 లోతు. ముప్పై లీటర్ల బ్యాగు కొంటే ముప్పై లీటర్లూ నింపుతాం, అది మనుషుల గుణం.

అందం సంగతి. రెక్సిన్ బ్యాగు కొత్తలో మెరుస్తుంది, మన ఎండకూ తేమకూ ఏడాది రెండేళ్లలో మడతల దగ్గర పొలుసులు లేస్తుంది, ఆ పొలుసులు పిల్లల నోట్లోకి పోతాయి. లేత గోధుమ, తెలుపు రంగులు ఫొటోకే. రోడ్డు దుమ్ముకు నేవీ బ్లూ, ఆలివ్, బూడిద రంగు నిలుస్తాయి. లోపలి లైనింగ్ మాత్రం లేత రంగుదే తీసుకోండి. నల్ల లైనింగ్‌లో నల్ల మూత డ్రాప్స్ సీసా వెతకడం మసక వెలుతురు క్లినిక్‌లో చిన్న శిక్ష. పెళ్లిళ్లకూ పేరంటాలకూ పట్టుచీర మీదికి నల్ల బ్యాక్‌ప్యాక్ ఏం బావుంటుంది అనేవాళ్లకు మంచి దారి ఉంది. శిల్పారామంలోనో చేనేత ఎగ్జిబిషన్లలోనో పోచంపల్లి ఇక్కత్ టోట్ కొని, లోపల చిన్న అరల పర్సు ఒకటి నిలబెట్టండి. ఆ పర్సును బ్యాక్‌ప్యాక్ నుంచి టోట్‌లోకి, టోట్ నుంచి బ్యాక్‌ప్యాక్‌లోకి మార్చుకోవచ్చు. ఒక్క జాగ్రత్త, తడిపిన తెల్ల చేతిరుమాలుతో ఇక్కత్‌ను గట్టిగా రుద్ది చూడండి. రంగు దిగితే పాల తడికీ దిగుతుంది.

సర్దుకోవడంలో ఒకే సూత్రం పాటించాలి, ముందు కావలసింది పైన. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలకు వెళ్లే రోజునే తీసుకోండి. టీకాల కార్డు బయటి జేబులో, ఎందుకంటే అందరికంటే ముందు అడిగేది అదే. ఇంజెక్షన్ తొడకు ఇస్తారు కాబట్టి కింద గుండీలు విప్పుకునే బట్టలు వేసి, ఇంకో జత పైనే పెట్టుకోండి. బయట ఉండే ప్రతి రెండున్నర మూడు గంటలకు ఒక డైపర్, పైన రెండు ఎక్కువ. నీలోఫర్ ఆసుపత్రిలోనైనా వీధి చివర పిల్లల క్లినిక్‌లోనైనా రద్దీ రోజున బ్యాగు నేల మీదే కూర్చోవాల్సి రావచ్చు. అడుగున నాలుగు రబ్బరు బుడిపెలూ, తుడిస్తే పోయే గుడ్డా ఉంటే ఇంటికొచ్చాక దాన్ని మంచం మీద పెట్టడానికి మనసొప్పుతుంది. యాదగిరిగుట్టకు పుట్టువెంట్రుకలకు పోయినా ఇదే సర్దుడు, డైపర్లూ బట్టలూ రెట్టింపు, తలకు కట్టడానికి మెత్తటి గుడ్డ అదనం. వాడిన డైపర్‌ను పాత పేపర్లో చుట్టి జిప్ కవర్లో వేసి, తడిసిన వాటి కోసం విడిగా ఉండే తడి జేబులో పెట్టాలి. ఉత్త తడి జేబును నమ్మితే సాయంత్రానికి వైప్స్ ప్యాకెట్టుకు కూడా ఆ వాసన పడుతుంది. ఎండలో నిలిపిన కారులో బ్యాగు వదిలేస్తే మూత సరిగా అంటుకోని వైప్స్ ఎండిపోతాయి, డైపర్ రాష్ క్రీమ్ కరిగి కారుతుంది.

ఉతకడం వాషింగ్ మెషిన్లో వద్దు. ఆ తిరుగుడుకు లోపలి పూత లేచిపోతుంది, అడుగు పలక వంగిపోతుంది. గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా షాంపూ లేదా లిక్విడ్ డిటర్జెంట్, మెత్తటి బ్రష్. పాలు ఒలికిన రోజే కడగాలి. మర్నాటికి పుల్లటి వాసన ఫోమ్‌లో దిగితే రెండు చెంచాల వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి దులపండి. నీడలో, నోరు తెరిచి, తలకిందులుగా ఆరబెట్టాలి. వానాకాలంలో ఫ్యాను కింద ఒక పూట కూడా అవసరం, లేకపోతే అతుకుల్లో బూజు పడుతుంది.

ఆన్‌లైన్‌లో కొంటే బిల్లూ ట్యాగులూ దాచి, వాపసు గడువులోనే దాన్ని కష్టపెట్టండి. అందులో నాలుగు కేజీల బియ్యం ప్యాకెట్లు పెట్టి, ఒక పట్టీతో తలుపు కొక్కేనికి రాత్రంతా వేలాడదీయండి. పొద్దున్నే పట్టీ కొసన కుట్టు చూడండి. సాగి ఉంటే, వచ్చిన డబ్బాలోనే పెట్టి పంపించేయండి. బేగంబజార్‌లో వాపసు ఉండదు, అక్కడ ఆ లాగుడేదో కౌంటర్ ముందే లాగాలి. షాపతను ముఖం చిట్లిస్తాడు. చిట్లించనివ్వండి.